ఎడమ చక్రానికి కావలసిన మాట

చిన్న విమానం నడిపేవాళ్లు బయలుదేరేటప్పుడు "పోతున్నాను" అంటే దాని చక్రాలు మళ్లీ కిందికి దిగవు కాబట్టి, ఎర్రగుట్ట ఏరోడ్రోమ్‌లో పెట్రోలు, ఇంజను నూనె, టైర్లలో గాలి చూసినట్టే వీడ్కోలు కూడా చూసి, షీటు మీద సంతకం పెడతారు.

ఈ సంగతి మొదట్లో ఎవరికీ తెలియదు. ఎగిరేటప్పుడు చక్కగా పొట్టలోకి ముడుచుకున్న చక్రాలు దిగేటప్పుడు బయటికి రాకపోతే, విమానాలను పొట్ట మీద జార్చి ఆపేవాళ్లు. పంకా రెక్కలు వంకర పోయేవి, అడుగు రేకు ఊడేది, మనుషులు మాత్రం తల నిమురుకుంటూ బయటికి వచ్చేవారు. తయారుచేసిన కంపెనీ ముగ్గురు ఇంజనీర్లను పంపింది. వాళ్లు గొట్టాలు విప్పారు, నూనె వాసన చూశారు, విమానాన్ని జాకీల మీద నిలబెట్టి చక్రాలను నలభై సార్లు లోపలికీ బయటికీ ఆడించారు. నలభై సార్లూ ఆడాయి. "లోపం ఏమీ కనబడలేదు" అని రాసిచ్చి వెళ్లిపోయారు. మైదానం ఊడ్చే నర్సవ్వ అప్పుడు చీపురు మీద చెయ్యి ఆనించి, "ఒక్కడన్న సక్కగ చెప్పి పోతున్నడా? చెప్పకుంట పోయినోనికి కాళ్లెట్ల వస్తయి?" అంది. ఆ మాట మీద వేసిన కమిటీ ఎనిమిది నెలలు కూర్చుని, నర్సవ్వ చెప్పిందే ఇరవై రెండు పేజీల్లో చెప్పింది. విమానం ఏ దేశంలో పుట్టినా సరే, మూడు వానాకాలాలు ఇక్కడ గడిపితే ఇక్కడి పద్ధతులు పట్టుబడతాయని అందులో తేల్చారు.

నిబంధన సులువైనదే. చక్రాలు మూడు, మాటలు మూడు. పోయేవాళ్లు "పోయొస్త" అనాలి. ఆ మాటతో ముందు చక్రం దిగుతుంది. ఉండిపోయేవాళ్లు "పోయి రా" అనాలి. అందులో "పోయి"కి ఎడమ చక్రం, "రా"కి కుడి చక్రం. "వెళ్ళొస్తాను", "వెళ్ళి రండి" అన్నా చెల్లుతుంది, చక్రాలకు యాస పట్టింపు లేదు. మనసులో అనుకుంటే చెల్లదు. "బై" అన్నప్పుడు ముందు చక్రం సగం దిగి ఆలోచిస్తూ ఆగిపోయిన సంఘటన ఒకటి నమోదై ఉంది. ప్రయాణ పత్రంలో ఉన్న "ఎక్కడికి" అన్న గడి అశుభమని, దాన్ని కొట్టేసి "ఎందాక" అని అచ్చువేయించారు. ఇవి జరిగి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఎవరూ వింతగా చూడరు.

ఆ బుధవారం ఉదయం తొమ్మిదింటి పది నిమిషాలకు నాలుగు సీట్ల ఆకుపచ్చ విమానం చివరిసారిగా ఎర్రగుట్ట వదలాల్సి ఉంది. దాని యజమాని దాన్ని సముద్రం పక్కన మోగలపాలెంలో రొయ్యల చెరువులున్న సత్తిరాజు గారికి ఇచ్చేశాడు. విమానంతో పాటు పైలట్ సువర్చలను కూడా ఇచ్చేశాడు. అప్పగింత కాగితంలో ఆమె పేరు అగ్నిమాపక సీసాకీ వర్షపు కవరుకీ మధ్యన ఉంది. మెకానిక్ ఓదెలు మాత్రం ఏరోడ్రోమ్ మనిషి కాబట్టి ఉండిపోతాడు. ఇద్దరూ పద్నాలుగేళ్లుగా ఆ ఒక్క విమానాన్నే చూసుకున్నారు. ఆమె పైన ఉంటే అతను కింద. ఆమె కిందికి వస్తే అతను విమానం కింద.

ఓదెలు పొద్దున్నే చక్రాల కాళ్లకు గ్రీజు పెట్టాడు. ఎడమ కాలు నుంచి నూనె కారకుండా కొత్త సీలు వేశాడు. సువర్చల ఎక్కి, తలుపు వేసుకోబోతూ ఆగింది. ఆమెకు అబద్ధం ఆడటం రాదు. పైలట్లకు ఎత్తు, వేగం, పెట్రోలు ఉన్నది ఉన్నట్టు చెప్పడం నేర్పిస్తారు. మిగతా విషయాల్లో కూడా ఆమెకు అదే అలవాటైంది.

"ఇగ పోతున్న, ఓదెలన్నా," అంది.

నిబంధన ప్రకారం ఓదెలు వెంటనే ఎర్రగుడ్డ ఊపి విమానాన్ని ఆపాలి. అతను గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "పోయి రా" అనలేదు. షీటు మీద "వీడ్కోలు: సక్రమం" అని రాసి, సంతకం పెట్టి, విమానం వెళ్లిన వైపు చూడకుండా షెడ్డులోకి వెళ్లి, అంతకుముందే సర్దిన పానాలను మళ్లీ సర్దాడు.

పదిన్నర దాటాక ఏరోడ్రోమ్ అధికారి లింబాద్రికి మోగలపాలెం నుంచి ఫోను వచ్చింది.

"ఆయ్, నమస్కారం అండి, సత్తిరాజునండి. మీ విమానం వచ్చిందండి గానీ కాళ్లు దింపట్లేదండి. కొబ్బరికాయ, మూడు నిమ్మకాయలు అన్నీ సిద్ధం చేసుకుని కూర్చున్నామండి. దిగగానే చక్రాల కింద పెట్టి తొక్కిద్దామని. పంతులుగారేమో ముహూర్తం జారిపోతోందంటున్నారు."

"పైలట్ చేతిపంపు కొట్టిందా?"

"కొట్టేనన్నారండి. యాభై సార్లు కొట్టేరంట. మా మీద నుంచి తక్కువ ఎత్తులో రెండు చుట్లు తిప్పేరు, మేమంతా మెడలు పట్టేసేలా చూసేం. పొట్ట కింద తలుపులు మూసే ఉన్నాయండి. పంతులుగారు కూడా చూసేరు."

"అయితే యంత్రంల లోపం లేదు," అన్నాడు లింబాద్రి. "వీడ్కోల్ల ఉంది. మా దగ్గర్నే సరిచేయాలె."

"ఆవిడా అదే అన్నారండి. వెనక్కి తిరిగేరు. మరి నిమ్మకాయలు అలాగే ఉంచమంటారా?"

"నీడకు పెట్టుండ్రి," అన్నాడు లింబాద్రి. ఆ విషయంలో నిబంధన ఏదీ లేకపోయినా అధికారిగా ఏదో ఒకటి చెప్పాలి.

వీడ్కోలులోని లోపాన్ని అది జరిగిన చోటనే, ఒకరికొకరు కనబడేంత దూరంలోనే సరిచేయాలి. ఫోనులో చెల్లదు, రేడియోలో మాట్లాడవచ్చు కానీ ఆకాశంలో విమానం కంటికి కనబడాలి. మనిషి కనుమరుగయ్యేదాకా వీడ్కోలు పూర్తి కాలేదన్నది కమిటీ అభిప్రాయం. సువర్చల పన్నెండు దాటి పది నిమిషాలకు ఎర్రగుట్ట మీదికి వచ్చి గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. పెట్రోలు ఒంటిగంటా నలభై వరకు సరిపోతుంది. లింబాద్రి పలకమీద ఆ సమయం రాసి, కింద గీత గీసి, ఓదెలును పిలిపించాడు.

"పొద్దున షీటు మీద ఏం రాసినవ్, ఓదెలూ?"

"సక్రమం అని రాసిన సార్."

"సక్రమం అయితే గా పైన తిరుగుతున్నదేంది? గద్దా?"

ఓదెలు కిటికీలోంచి పైకి చూసి, "మన విమానమే సార్," అన్నాడు, అడిగినదానికి జవాబు ఇస్తున్నట్టుగా.

లింబాద్రి మైకు అతని చేతికిచ్చాడు. గరగరమని చప్పుడు, దాని వెనక సువర్చల గొంతు.

"ఓదెలన్నా, ఇంటున్నవా?"

"ఇంటున్న కెప్టెనమ్మా."

"నేను పొద్దున ఏమన్న?"

"పోతున్న అన్నవ్."

"మరి ఎర్రగుడ్డ ఎందుకు ఊపలే?"

"నువ్వెందుకన్నవ్ గా మాట? పద్నాలుగేండ్లల ఒక్కనాడు అనలే."

"నిజం గాబట్టి అన్న. మల్ల రానని తెలిసి వస్త అంటే అబద్ధం గాదా?"

"అబద్ధమే," ఓదెలు ఒప్పుకున్నాడు. "అయితే ఏంది? మా బామ్మర్ది ఏడాదికోపాలి వచ్చి నెల రోజులుంటడు. పోయేటప్పుడు 'పోయొస్త బావా' అంటడు. వాడు రావద్దని ఇంటిల్లిపాది మొక్కుకుంటం. అయినా గూడ 'పోయి రా' అంటం. గంత పెద్ద అబద్ధం మేమాడంగ లేంది, చిన్నది నువ్వాడలేవా?"

పైనుంచి నవ్వు వినిపించింది. విమానం కొంచెం ఊగినట్టు లింబాద్రికి అనిపించింది కానీ అది నమోదు చేయవలసిన విషయం కాదు. తర్వాత సువర్చల గొంతు సర్దుకుని, చిన్నపిల్లలు బడిలో అప్పజెప్పినట్టు, "పోయొస్త, ఓదెలన్నా," అంది.

ముందు చక్రం దిగింది. కింద ఉన్న ఇద్దరికీ బాగా కనబడింది. పైన మూడు లైట్లలో ఒకటి పచ్చగా వెలిగిందని ఆమె చెప్పింది.

ఇక మిగిలింది జవాబు. లింబాద్రి ఓదెలు వైపు చూశాడు. ఓదెలు మైకు వైపు చూశాడు. గోడ గడియారం పన్నెండున్నర చూపిస్తోంది.

"అను," అన్నాడు లింబాద్రి.

"ముందు దిగమనుండ్రి సార్. దిగినంక అంట."

"నువ్వంటెనే దిగుతది."

"అంటే పోతది గద సార్."

ఓదెలు మాటలో తప్పేమీ లేదు. లింబాద్రి నిబంధనల పుస్తకం తెరిచి, జవాబు ఇంకెవరైనా ఇవ్వవచ్చునేమో చూశాడు. "ఉండిపోయినవారు" అని మాత్రమే రాసి ఉంది. తానూ పద్నాలుగేళ్లుగా ఇక్కడే ఉండిపోయాడు కాబట్టి అర్హుడినే అనుకుని, మైకు తీసుకుని, "పోయి రా, కెప్టెన్," అన్నాడు గంభీరంగా. మరోసారి ఇంకా గట్టిగా అన్నాడు. చక్రాలు కదలలేదు. మూడోసారి అన్నప్పుడు తలుపులు ఒకసారి అల్లాడి, మర్యాదకు పలకరించినట్టుగా, మళ్లీ మూసుకున్నాయి.

"నేను మనిషి కిందికి రానా?" అని లింబాద్రి ఎవరినీ చూడకుండా అడిగాడు.

"బాధపడకుండ్రి సార్," అన్నాడు ఓదెలు. "దానికి నా గొంతు అలవాటు."

మైకు మళ్లీ అతని చేతికి వచ్చింది. నోటి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, "రా," అన్నాడు. కాసేపాగి, "రా, రా, కెప్టెనమ్మా, రా," అన్నాడు. దారి తప్పిన మేకను పిలిచినట్టుంది ఆ పిలుపు.

కుడి చక్రం టక్కున దిగింది.

దీంతో పరిస్థితి ముందుకంటే అధ్వానమైంది. మూడు చక్రాలూ లోపల ఉంటే విమానాన్ని పొట్ట మీద జార్చవచ్చు. రెండు బయట, ఒకటి లోపల ఉంటే, నేల తగలగానే ఒక పక్కకు ఒరిగి, గిర్రున తిరిగి బోల్తా పడుతుంది. దిగిన రెండింటినీ వెనక్కి ముడవడం కూడా కుదరదు. అన్న మాటను వెనక్కి తీసుకోవడానికి ఏ లివరూ లేదు.

"ముందు మాట మర్సిపోయినవ్," అన్నాడు లింబాద్రి.

"మర్వలే సార్."

"ఓదెలన్నా," రేడియోలో సువర్చల అంది, ఏమంత కంగారు లేకుండా, "నా దగ్గర ఇంకో గంట పెట్రోలుంది. నీకు ఆలోచించుకోను గంత టైము సాలదా?"

ఓదెలు కిటికీ దగ్గరికి వెళ్లాడు. విమానం ఒక కాలు ముడుచుకున్న కొంగలా గాలిలో వెళుతోంది. లోపల ఉండిపోయినది ఎడమ చక్రం. దాని కాలికి పొద్దున్నే కొత్త సీలు వేసింది తనే. అది తప్ప వేరే ఏ కాలూ ఇంతవరకు నూనె కార్చలేదు. ఎప్పుడూ అదే.

"కెప్టెనమ్మా, అక్కడ మెకానిక్ ఎవలు?"

"ఎవరో పిలగాడట. మంచోడే అంటున్నరు."

"ఎడమ కాలు సంగతి వానికి ఎర్కనా?"

"నువ్వు చెప్పకుంటే ఎట్ల ఎర్కైతది?"

"రాసుకో," అన్నాడు ఓదెలు. ఆమె పైన విమానం నడుపుతోంది కాబట్టి లింబాద్రి కాగితం తీసుకున్నాడు. ఓదెలు చెప్పడం మొదలుపెట్టాడు. ఎడమ కాలును వారం వారం చూడాలి. నూనె చుక్క కనబడితే గుడ్డతో తుడిచేసి ఊరుకోవద్దు, ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి. సముద్రం గాలికి ఉప్పు పడుతుంది, ప్రతి సాయంత్రం మంచినీళ్లతో కడగాలి. గ్రీజు ఎక్కువైతే దుమ్ము పట్టి బిర్రుగా అవుతుంది, తక్కువైతే అరుగుతుంది. అక్కడ ఉక్క ఎక్కువ, రబ్బరు తొందరగా పగులుతుంది, నీళ్లు బాగా తాగాలి. వాన పడ్డ రోజు బ్రేకు నెమ్మదిగా తొక్కాలి. రొయ్యలు రోజూ తినొద్దు, వేడి చేస్తుంది. చక్రాలు లోపలికి పోయేటప్పుడు కిర్రుమంటే భయపడొద్దు, అది దాని అలవాటు. కొత్త మనుషులు ఏమన్నా అంటే మనసులో పెట్టుకోవద్దు. టైరులో గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడే చూడాలి.

లింబాద్రి అన్నీ వరసగా రాశాడు. ఏది విమానానికో ఏది పైలట్‌కో విడదీయలేదు. విడదీయమని పుస్తకంలో లేదు. ఒకచోట కలం ఆపి, "రొయ్యలు మెయింటెనెన్సుల వస్తయా?" అని అడిగాడు. "వస్తయి సార్," అన్నాడు ఓదెలు. రాసుకున్నాడు.

పద్దెనిమిది నిమిషాల తర్వాత చెప్పవలసినవి అయిపోయాయి. ఓదెలు ఇంకేమైనా ఉందేమోనని తలలో వెతుక్కున్నాడు. చెప్పినవాటిలోనే రెండు మళ్లీ చెప్పాడు. ఎడమ కాలు సంగతి ఇంకోసారి చెప్పాడు.

"అయిందా అన్నా?" సువర్చల గొంతు.

"అయింది."

"మరి?"

లింబాద్రి గడియారం వైపు చూడలేదు. ఓదెలు మైకును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"పోయి," అన్నాడు.

చాలా చిన్నగా అన్నాడు. రేడియోలో సరిగా వినబడలేదని సువర్చల తర్వాత చెప్పింది. కానీ చక్రానికి వినబడింది. ఎడమ కాలు కిర్రుమంటూ బయటికి వచ్చి, పక్కవాటితో సమానంగా నిలబడింది.

"మూడు పచ్చలైట్లు," అంది సువర్చల. ఒంటిగంటా ఐదు నిమిషాలకు దూదిమూట పెట్టినట్టు మెత్తగా నేల మీద దింపింది. నర్సవ్వ నీళ్లు తెచ్చిచ్చింది. ఓదెలు టిఫిను డబ్బాలోని జొన్నరొట్టె నలుగురూ పంచుకున్నారు. ఎర్రగుట్ట ఏరోడ్రోమ్‌లో అంత హుషారుగా భోజనం చేసిన రోజు మళ్లీ రాలేదని లింబాద్రి అంటూ ఉంటాడు. సువర్చల పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతూ పంతులుగారు మెడ వెనక్కి వాల్చి విమానాన్ని ఎలా చూశాడో చేసి చూపించింది.

కానీ బయలుదేరిన చోటనే దిగింది కాబట్టి వెళ్లి రావడం పూర్తయింది, అన్న మాటలు ఖర్చైపోయాయి. మళ్లీ వెళ్లాలంటే మళ్లీ అనాలి. అదీ కాక, చక్రాల్లో లోపం వచ్చిన విమానాన్ని జాకీల మీద నిలబెట్టి, మూడుసార్లు ఆడించి చూడనిదే వదలకూడదు. ప్రతి సారీ చక్రాలు లోపలికి పోయి బయటికి రావాలి. జాకీల మీదైనా సరే, పోయే మనిషి లోపల ఉంటే మాటలు లేకుండా అవి రావు.

అందుచేత రెండు గంటలకు విమానాన్ని జాకీల మీద ఎత్తారు. సువర్చల లోపల కూర్చుంది. ఓదెలు కింద నిలబడ్డాడు. లింబాద్రి షీటు పట్టుకున్నాడు.

మొదటిసారి ఆమె "పోయొస్త" అన్నాక ఓదెలుకు జవాబు చెప్పడానికి నాలుగు నిమిషాలు పట్టింది. లింబాద్రి "బిర్రుగా ఉంది" అని రాశాడు. రెండోసారి నలభై సెకన్లు. "నయం" అని రాశాడు. మూడోసారి ఆమె మాట పూర్తి కాకముందే ఓదెలు "పోయి రా" అనేశాడు. చక్రాలు మూడూ ఒక్కసారే, నూనె పోసినట్టు దిగాయి. ముగ్గురూ వాటివైపు చూశారు. ఇంత తేలికని వాళ్లకు తెలియదు.

"చూసినవా," అంది సువర్చల, కిటికీలోంచి తల బయటపెట్టి, "నాకు గూడ అబద్ధం వచ్చేసింది."

"నాకు గూడ," అన్నాడు ఓదెలు.

పెట్రోలు నింపుకుని మూడున్నరకు ఆకుపచ్చ విమానం ఎగిరింది. ఆమె చెప్పవలసింది చెప్పింది. అతను అనవలసింది అన్నాడు. కనుమరుగయ్యేదాకా చూశాడు, అదీ నిబంధనలోనే ఉంది. సాయంత్రం సత్తిరాజు గారు ఫోను చేసి, కాళ్లు మూడూ దింపిందని, నిమ్మకాయలు కొంచెం వడలినా తొక్కడానికి పనికొచ్చాయని చెప్పాడు.

లింబాద్రి రిపోర్టు రాశాడు. లోపానికి కారణం అన్న చోట "నిజం" అని, చేసిన మరమ్మతు అన్న చోట "మూడుసార్లు అభ్యాసం" అని, ప్రస్తుత స్థితి అన్న చోట "సక్రమం" అని నింపాడు. పైఅధికారులకు అది బాగా నచ్చింది. ఆ మరమ్మతును అన్ని చోట్ల పైలట్లకూ చేయించాలని, ఏ విమానమూ లేక ఖాళీగా ఉన్న ఎర్రగుట్ట షెడ్డును అందుకు వాడాలని ఉత్తర్వు వచ్చింది.

అప్పటినుంచి జనం అక్కడికి వస్తున్నారు. మొదట పైలట్లే వచ్చేవారు. తర్వాత బదిలీ అయిన టీచర్లు, ఆస్పత్రిలో చేరబోయేవాళ్లు, ఒకరి ముఖం ఒకరు చూడలేక విడిపోతున్న అన్నదమ్ములు కూడా రావడం మొదలైంది. ఓదెలు వాళ్లను జాకీల మధ్య వేసిన కుర్చీలో కూర్చోబెడతాడు. నీళ్లిస్తాడు, పరాచికాలాడతాడు, నవ్విస్తాడు. వాళ్లు "పోయొస్త" అంటారు, అతను "పోయి రా" అంటాడు. ఒక్కొక్కరికి మూడుసార్లు. మొదటిసారి చాలామంది మళ్లీ నీళ్లు అడుగుతారు. మూడోసారికి మాట ఎవరికైనా వచ్చేస్తుంది. లేచి, బట్టలు దులుపుకుని, తేలిక పడిన ముఖాలతో బయటికి నడుస్తారు. ఇప్పటిదాకా ఆరువందల పన్నెండు మంది అభ్యాసం చేసి వెళ్లారు. ఒక్కరి వీడ్కోలులోనూ లోపం రాలేదు. వాళ్లలో ఎంతమంది తిరిగి వచ్చారో రాయడానికి ఫారంలో గడి లేదు. ఆ గడి కావాలని ఇంతవరకు ఎవరూ అడగలేదు.